పుస్తకం ముందా, సినిమా ముందా? ఫాంటసీ నవలల దగ్గర నా లెక్క

పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కొడుకు బ్యాగు దించీ దించగానే అడిగాడు: "మావయ్యా, నాకు పది రోజులే ఉన్నాయి. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ చదవాలా, చూడాలా?"

ఇంటి నిండా పుస్తకాలు పెట్టుకున్నవాణ్ణి కాబట్టి "చదవరా" అంటానని వాడి అంచనా. నేను "ముందు చూడు" అన్నాను. మర్నాడు హ్యారీ పాటర్ సంగతి అడిగితే "ససేమిరా, ముందు చదువు" అన్నాను. హాబిట్ గురించి అడిగితే "చదువు చాలు, సినిమా జోలికి పోకు" అన్నాను. వాడికి తిక్క రేగింది. "నీకంటూ ఒక రూలు లేదా?" అన్నాడు.

ఉంది. వాడికి ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని ఇక్కడ ఒక వరసలో పెడుతున్నాను. కథల్లోని మలుపులు కొన్ని బయటపడతాయి, ముందే చెబుతున్నాను.

రెండు ప్రశ్నలు, ఒక మూల్యం

మొదటి ప్రశ్న: ఈ కథ గుట్టు మీద నడుస్తోందా? ఎవరు ఎవరి మనిషి, ఆ రాత్రి అసలు ఏం జరిగింది, ఈ వస్తువు ఎవరిది లాంటివి చివరిదాకా దాచిపెట్టి నడిపే కథైతే పుస్తకమే ముందు. నవల గుట్టును అయిదొందల పేజీలు దాస్తుంది. సినిమా రెండున్నర గంటల్లో విప్పెయ్యాలి, ఆ తొందరలో సగం ముళ్లు విప్పకుండానే కత్తిరించేస్తుంది.

రెండో ప్రశ్న: ఈ కథకి లోకం ముఖ్యమా? కొండలు, కోటలు, నాలుగైదు జాతులు, వెయ్యేళ్ల చరిత్ర, నోరు తిరగని పేర్లు ఉంటే సినిమా ముందు చూడ్డంలో తప్పు లేదు. తలలో ఒక పటం తగిలించుకుని పుస్తకంలోకి వెళ్లినట్టవుతుంది.

మూల్యం మాత్రం ఒకటుంది, ముఖాలు. సినిమా ముందు చూసినవాడికి లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌లోని ముసలి మాంత్రికుడు గాండాల్ఫ్ అంటే ఇక ఆ వేషం వేసిన ఇయాన్ మెకెలెనే. తనదైన గాండాల్ఫ్‌ను ఊహించుకునే వీలు ఈ జన్మకి లేదు. ఇది మనకి కొత్తేం కాదు. మూడు తరాల తెలుగువాళ్లు కళ్లు మూసుకుని కృష్ణుణ్ణి తలుచుకుంటే కనపడేది ఎన్టీఆర్ మొహమే కదా.

ఆ మాటకొస్తే వ్యాసుడి భారతంలో శశిరేఖ పెళ్లి కథ లేదు. గోంగూర అసలే లేదు. అయినా 1957 నుంచి ఇప్పటిదాకా మాయాబజార్ మీద ఎవరూ అలిగింది లేదు. ఎందుకంటే భారతం మనకి ఒక్క పుస్తకం కాదు. నాటకం, హరికథ, తోలుబొమ్మలాట, అమ్మమ్మ చెప్పిన కథ, వీటన్నిటి పక్కన సినిమా ఇంకొకటి. ఆధునిక ఫాంటసీ నవల పరిస్థితి అది కాదు. ఒకే రచయిత, ఒకే పాఠం. పన్నెండేళ్ల వయసులో దుప్పటి కింద టార్చిలైటు పెట్టుకుని చదివిన పిల్లవాడు దానికి కాపలాదారు అయిపోతాడు. సినిమాకి వెళ్లినా కళ్లు తెర మీద, మనసు పేజీ మీద. అభిమానుల సణుగుడంతా అక్కడే పుడుతుంది. అందుకే నా సలహాలో సగం దేన్ని ముందు చదవాలన్నది కాదు, మీరు కాపలాదారు అవదలచుకున్నారా లేదా అన్నది.

లార్డ్ ఆఫ్ ది రింగ్స్: ముందు చూడండి, తర్వాత తప్పకుండా చదవండి

టోల్కీన్ పుస్తకం 1954, 55ల్లో మూడు సంపుటాలుగా వచ్చింది. పీటర్ జాక్సన్ సినిమాలు 2001, 2002, 2003 డిసెంబర్లలో. మూడోదానికి నామినేట్ అయిన 11 విభాగాల్లోనూ ఆస్కార్ వచ్చింది. అయినా 2012లో టోల్కీన్ కొడుకు క్రిస్టఫర్ ఫ్రెంచి పత్రిక లె మోండ్‌తో మాట్లాడుతూ, పుస్తకం కడుపు చీల్చి కుర్రకారు కోసం యాక్షన్ సినిమా చేసేశారన్న అర్థం వచ్చేలా కడిగేశాడు. తండ్రీ తక్కువవాడు కాదు. సినిమా ప్రతిపాదన ఒకటి 1957లోనే వచ్చింది. అప్పుడు ఆయన పెట్టుకున్న నియమం ముచ్చటైనది: కళైనా దక్కాలి, కాసులైనా దక్కాలి. డబ్బు బాగా ఇస్తే సరే, లేదంటే మార్పులను కాదనే హక్కు తన చేతిలో ఉండాలి. మరుసటి ఏడు ఆ స్క్రిప్టు చదివి, అయినదానికీ కానిదానికీ కథలోని పెద్ద గద్దలను దింపుతున్నారేమిటని విసుక్కుంటూ పెద్ద ఉత్తరమే రాశాడు. అంటే సణుగుడు సినిమా కంటే నలభై ఏళ్లు పెద్దది.

ఇన్ని తెలిసి కూడా ముందు చూడమని ఎందుకంటున్నానంటే, మొదటి సంపుటం మొదట్లో చాలామంది ఆగిపోతారు. నేనే రెండుసార్లు ఆగిపోయాను. మొదట్లో వచ్చే పుట్టినరోజు పండగ అయ్యాక, అందరినీ లొంగదీసే మాయ ఉంగరం అసలు కథ గాండాల్ఫ్ చెప్పడానికి పుస్తకంలో పదిహేడేళ్లు పడుతుంది. ఆ ఉంగరాన్ని మోసే ఫ్రోడో, హాబిట్లనే పొట్టి జాతివాడు, ఇల్లు వదిలేసరికి అతనికి యాభై ఏళ్లు. ఆ తర్వాత అడవి, అడవిలో పాటలు పాడే టామ్ బాంబడిల్, సమాధుల దిబ్బలు. ఈ దారి ఎక్కడికి పోతుందో తెలియనివాడికి అది విసుగు. సినిమా చూసొచ్చినవాడికి మాత్రం తీరిగ్గా నడిచే దారి. పైగా ఈ కథలో గుట్టు తక్కువ. ఉంగరం నిప్పుల కొండలో పడి నాశనం కావాలని రెండో అధ్యాయంలోనే తెలిసిపోతుంది. మిగిలిందంతా నడకే.

ఇంకో సంగతి. సినిమా రూపకల్పనకి ఆలన్ లీ, జాన్ హౌలను పిలిచారు. ఇద్దరూ అప్పటికే టోల్కీన్ పుస్తకాలకి బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్నవాళ్లు. అందుకని ఆ కోటలూ లోయలూ పుస్తకానికి పరాయివిగా ఉండవు. ముఖాలు పోగొట్టుకుంటారు సరే, ఊళ్లు మాత్రం మంచివే దక్కుతాయి.

ఇక గొడవ ఎక్కడంటే, మనుషుల దగ్గర. ఫారమీర్ అనే సేనాని ఒక్కణ్ణి తీసుకోండి. రెండో సంపుటంలో జలపాతం వెనక గుహలో అతని మనుషులు ఫ్రోడోనూ అతనికి తోడొచ్చిన శామ్‌నూ కూర్చోబెడతారు. తిండి పెడతారు. మాటల్లో శామ్ నోరు జారి ఉంగరం సంగతి బయటపెట్టేస్తాడు. చదివేవాడికి గుండె ఆగుతుంది, ఎందుకంటే ఇతని అన్న బోరోమీర్ దాని కోసమే పిచ్చెక్కిపోయి చచ్చాడు. ఫారమీర్ లేచి నిలబడతాడు. ఒక్క క్షణం. ఆ తర్వాత నవ్వి కూర్చుంటాడు. దారిలో పడి ఉన్నా దాన్ని ముట్టనని ముందే అన్న మాట, దానికే కట్టుబడతాను అంటాడు.

సినిమాలో అతను ఉంగరాన్నీ ఫ్రోడోనీ తండ్రి దగ్గరికి పంపాలని ఆస్గిలియాత్ అనే పాడుబడ్డ పట్నం దాకా ఈడ్చుకుపోయి, అక్కడ మనసు మార్చుకుంటాడు. ప్రతివాణ్ణీ లొంగదీసే ఉంగరం ఇతనొక్కణ్ణీ ఏమీ చెయ్యకపోతే దాని భయం ఏం మిగులుతుందన్నది సినిమా వాళ్ల వాదన. వాదన బలమైనదే. కానీ నాకు ఆ గుహలో నవ్వే కావాలి. కాలక్రమంలో మనిషి మంచివాడు కావడం అన్ని సినిమాల్లోనూ ఉంటుంది. మంచివాడు మంచివాడుగానే నిలబడ్డ దృశ్యం అరుదు.

దీని తర్వాత శామ్‌ను ఫ్రోడో మెట్ల మీద నుంచి వెళ్లగొట్టడం గురించి నేను మాట్లాడను. పుస్తకంలో అది లేదు, అంతే.

థియేటర్ వెర్షనా, ఎక్స్‌టెండెడా?

థియేటర్లో వచ్చిన మూడూ కలిపి తొమ్మిది గంటల పైచిలుకు. కోసేసిన సీన్లు మళ్లీ కలిపిన ఎక్స్‌టెండెడ్ ఎడిషన్లు పదకొండు గంటలు దాటతాయి, మూడోది ఒక్కటే నాలుగు గంటలపైన. వీరాభిమానులు "ఎక్స్‌టెండెడే అసలుది" అని కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. ఒక్కోదానికి ఒక్కో లెక్క.

మొదటి భాగం ఏదైనా పర్వాలేదు. ఎక్స్‌టెండెడ్‌లో హాబిట్ల ఊరు ఇంకాస్త సేపు కనిపిస్తుంది, హాయిగా ఉంటుంది.

రెండో భాగం మాత్రం ఎక్స్‌టెండెడే చూడండి. కారణం ఫారమీరే. అందులో ఆస్గిలియాత్‌లో అన్నదమ్ములూ తండ్రీ కలిసిన ఒక పాత సంఘటన ఉంది. గెలిచిన సంబరంలో కూడా తండ్రి చిన్నకొడుకుని ఎలా చిన్నబుచ్చుతాడో చూపిస్తుంది. ఆ నాలుగైదు నిమిషాలు చూశాక, వీడు ఉంగరం పట్టుకుపోయి నాన్న చేత శభాష్ అనిపించుకోవాలని ఎందుకు తహతహలాడాడో అర్థమవుతుంది. పుస్తకం ఫారమీర్ దొరకడు గానీ, ఒక మనిషైతే దొరుకుతాడు.

మూడో భాగం మొదటిసారి థియేటర్ వెర్షన్ చూడండి. ఎక్స్‌టెండెడ్‌లో చెడిపోయిన మాంత్రికుడు సారుమాన్ చావు ఉంది నిజమే. థియేటర్ వెర్షన్‌లో ఆ పాత్రనే మూడో భాగంలోంచి కోసేస్తే ఆ వేషం వేసిన క్రిస్టఫర్ లీ బాగా నొచ్చుకున్నాడు. ఏటా ఈ పుస్తకాన్ని తిరగేసే మనిషి ఆయన, టోల్కీన్‌ను స్వయంగా చూసినవాడు కూడా. ఆయన కోసమైనా ఎప్పుడో ఒకప్పుడు ఆ సీను చూడాలి. కానీ అదే ఎడిషన్‌లో, ఉంగరం చేసిన దుష్టుడు సౌరాన్ పంపిన రాయబారి వస్తాడు. నల్ల ద్వారం ముందు గుర్రం మీద నిలబడి వాగుతాడు. ఆరగోర్న్ కత్తి దూసి తల నరికేస్తాడు. రేపు పట్టాభిషేకం కావలసిన రాజు! పుస్తకంలో ఆ రాయబారే, దూతను ముట్టుకోకూడదని గుర్తు చేస్తాడు, వాళ్లూ ముట్టుకోరు. రావణుడి కొలువులో కూడా దూతను చంపరాదని చెప్పడానికి విభీషణుడున్నాడు. ఇక్కడ ఆ ఒక్కడూ లేకపోయాడు.

సారుమాన్ చావు ఒక్కదాన్ని పట్టుకుంటే పుస్తకం ఎందుకు తప్పదో కూడా తెలిసిపోతుంది. థియేటర్లో అతను చావడు, మాయమవుతాడు. ఎక్స్‌టెండెడ్‌లో తన బురుజు మీద నుంచి కింద పడతాడు. పుస్తకంలో యుద్ధాలన్నీ అయిపోయాక, హాబిట్ల ఊళ్లో, ఫ్రోడో ఇంటి గుమ్మం ముందు చస్తాడు. అప్పటికి ఆ ఊరు ఊరులా ఉండదు. చెట్లు కొట్టేసి ఉంటాయి, ఏటిలోకి మురికి వదులుతుంటారు, సొంత మనుషులే టోపీకి ఈక పెట్టుకుని కాపలా కాస్తూ పొరుగువాడి మీద పితూరీలు మోస్తుంటారు. లోకాన్ని కాపాడొచ్చినవాళ్లు ఇంటిదగ్గర మళ్లీ మొదలుపెట్టాలి. సినిమాలో నలుగురూ తిరిగొచ్చి, పాత సారాకొట్లోనే కూర్చుని గ్లాసులు ఎత్తుతారు. చూడ్డానికి బాగుంది. కానీ పుస్తకం కడుపులో ఉన్నది ఆ కొట్టేసిన చెట్ల అధ్యాయమే.

హాబిట్: పుస్తకం చాలు

1937లో పిల్లల కోసం వచ్చిన పుస్తకం. అచ్చు వెయ్యాలా వద్దా అని ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ తన పదేళ్ల కొడుకు రేనర్‌కి ఇచ్చి చదివించాడు. కుర్రాడు బాగుందని రాసిచ్చి ఒక షిల్లింగ్ కూలి పుచ్చుకున్నాడు. అంత తేలికైన కథని 2012 నుంచి 2014 దాకా మూడు సినిమాలు చేశారు. కలిపితే ఎనిమిది గంటలకి ఆరు నిమిషాలు తక్కువ. ఆ టైములో ఓ మోస్తరు చదువరి పుస్తకం ముగించెయ్యొచ్చు. మొదట రెండే సినిమాలు అనుకున్నారు, మూడోది ఉందని మొదటిది విడుదలకు కొద్ది నెలల ముందు చెప్పారు. సాగదీసిన చోట పిండిలాగే పల్చబడింది. పుస్తకంలో లేని టారియెల్ వచ్చింది, లేని లెగోలాస్ వచ్చాడు, వాళ్ల మధ్యలో ఒక మరుగుజ్జుతో ప్రేమ వచ్చింది.

ఒక్క మినహాయింపు. మొదటి సినిమాలో గుహ చీకట్లో కథానాయకుడు బిల్బో, అక్కడ నక్కి బతికే గొల్లమ్ పొడుపుకథలు వేసుకునే సీను. మార్టిన్ ఫ్రీమన్, ఆండీ సెర్కిస్. దాన్ని మాత్రం వెతుక్కుని చూడండి.

హ్యారీ పాటర్: పుస్తకమే ముందు, వాదన లేదు

ఇది పూర్తిగా గుట్టు కథ. 1997 నుంచి 2007 వరకు ఏడు పుస్తకాలు, 2001 నుంచి 2011 వరకు ఎనిమిది సినిమాలు. మొదటి పుస్తకం తెలుగులోకి వచ్చినప్పుడు పేరులో "పరుసవేది" అన్న మాట పెట్టారు. ఇనుముని బంగారం చేసే రాయికి మనకి ఎప్పటినుంచో ఉన్న పేరు. అమెరికాలో ఆ పేరు పిల్లలకి ఎక్కదేమోనని "సార్సరర్స్ స్టోన్" అని మార్చుకున్నారు. ఆ విషయంలో మనమే నయం.

సినిమాలన్నిట్లోకీ అందమైనది మూడోది, 2004లో అల్ఫాన్సో క్వారోన్ తీసినది. ఆ అందమైనదే అసలు ముడిని వదిలేసింది. స్కూలు మొత్తం కనిపించే ఆ మాయపటం ఎవరు తయారుచేశారో సినిమా చెప్పదు. మూనీ, వర్మ్‌టెయిల్, ప్యాడ్‌ఫుట్, ప్రాంగ్స్ అన్న నాలుగు మారుపేర్లు పైన కనిపిస్తాయి, వాటి వెనక ఎవరున్నారో విప్పరు. అందుకని హ్యారీ మంత్రం వేస్తే మగజింకే ఎందుకు వచ్చిందో సినిమా మాత్రమే చూసినవాడికి అందదు. చదివినవాడికి అక్కడ గొంతు పూడుకుపోతుంది, ఎందుకంటే పటం చేసిన నలుగురిలో ఒకడై, జింకగా మారే విద్య తెలిసిన వాళ్ల నాన్నే ఆ జింక.

నాలుగోదానిలో ఇంకో ముచ్చట. పోటీకి పేర్లు వేసే మాయగిన్నె మంట లోంచి హ్యారీ పేరు వచ్చాక, "నువ్వే వేశావా?" అని హెడ్‌మాస్టరు డంబుల్‌డోర్ ప్రశాంతంగా అడిగాడని పుస్తకంలో ఉంటుంది. 2005 సినిమాలో ఆ వేషం వేసిన మైకేల్ గాంబన్ పరుగెత్తుకొచ్చి కుర్రాణ్ణి పట్టుకుని కుదిపేస్తాడు. ఆ "ప్రశాంతంగా" అన్న ఒక్క మాట మీద అభిమానులు ఈనాటికీ జోకులు వేసుకుంటూనే ఉన్నారు. నవ్వులాటే గానీ అందులో న్యాయముంది. ఆ ముసలాయన ఎప్పుడూ తొణకడని నమ్మితేనే, తొణికిన రోజున భయం వేస్తుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం చివర్లో విలన్ వోల్డెమార్ట్ చావు. పుస్తకంలో అందరి ముందు, హాల్లో, మామూలు మనిషిలా నేల మీద దబ్బున పడిపోతాడు. శవం మిగులుతుంది. చావుని జయించాలని ఆత్మని ముక్కలు చేసుకున్నవాడికి ఆ మామూలుతనమే శిక్ష. సినిమాలో పొరలు పొరలుగా గాల్లో ఎగిరిపోతాడు, చూసేవాళ్లు కూడా ఎవరూ ఉండరు. గ్రాఫిక్స్ బాగున్నాయి.

అయినా పిల్లలతో కలిసి చూడ్డానికి మొదటి రెండు సినిమాలంత పండగ ఇంకోటి లేదు. పుస్తకం అయ్యాక ఆ పుస్తకం సినిమా చూపించండి, మొత్తం ఏడూ అయ్యేదాకా ఊరించకండి.

మిగతావి, గబగబా

ఫిలిప్ పుల్‌మన్ నార్తర్న్ లైట్స్ (1995) మీద 2007లో వచ్చిన ది గోల్డెన్ కంపాస్ సినిమా వదిలెయ్యండి. నవల చివరి అధ్యాయాలు షూట్ చేసి కూడా కోసేసి, గుండె తరుక్కుపోయే ముగింపు బదులు తియ్యటి ముగింపు పెట్టారు. 2019 నుంచి 2022 దాకా వచ్చిన సిరీస్ చాలా మెరుగు. నవల చదివి దాన్ని చూడండి.

ఉర్సులా లెగ్విన్ ఎర్త్‌సీ చదవడానికే. అందులో కథానాయకుడు గెడ్ రాగి రంగు మనిషి. 2004 టీవీ సినిమాలో తెల్లవాణ్ణి పెట్టారు. ఆవిడ ఊరుకోలేదు, తన దీవుల మనుషుల రంగు తుడిచేశారని బాహాటంగా రాసింది. 2006లో జపాన్ జీబ్లీ స్టూడియో తీసిన యానిమేషన్ చూసి దర్శకుడితో, ఇది నా పుస్తకం కాదు, మీ సినిమా, మంచి సినిమా అని చెప్పింది. రచయితలు మర్యాద తప్పకుండా కాదనడం ఎలాగో అక్కడ నేర్చుకోవచ్చు.

అదే స్టూడియోలో మియజాకి 2004లో తీసిన హౌల్స్ మూవింగ్ కాజిల్ ఎటు నుంచి మొదలుపెట్టినా నష్టం లేదు. డయానా విన్ జోన్స్ నవల ఒక కథ, సినిమా దాని పేరు పెట్టుకున్న ఇంకో కథ. రెండూ ఇష్టపడేవాళ్లే ఎక్కువ. బొత్తిగా మారిపోతే కొట్లాట ఉండదని, సగం మారితేనే ఉంటుందని నాకు దాన్ని చూశాకే తట్టింది.

మూడో దారి: వినడం

ఇంగ్లీషు బరువుగా ఉందనో, టైము లేదనో వెనకాడేవాళ్లకి నేను ఈమధ్య ఆడియో పుస్తకం చెబుతున్నాను. గొల్లమ్‌గా నటించిన ఆండీ సెర్కిసే 2020లో హాబిట్, 2021లో మూడు సంపుటాలూ పూర్తిగా చదివాడు. బస్సులో, వంటింట్లో వినొచ్చు. పాటలు కూడా పాడతాడు. సినిమా గొంతు, పుస్తకం పాఠం రెండూ ఒకచోట దొరికాయంటే ఇదే.

డబ్బింగ్ సంగతి. చిన్నపిల్లలకి ఏ సినిమా అయినా తెలుగులో దొరికితే నిస్సంకోచంగా చూపించండి. పద్నాలుగు దాటినవాళ్లకి టోల్కీన్ మాత్రం ఇంగ్లీషు మాటలతో, కింద సబ్‌టైటిల్స్ పెట్టి చూపించండి. ఆయన వృత్తిరీత్యా పాత ఇంగ్లీషు ప్రొఫెసర్, పేర్ల మోతలోనే సగం కథ పెట్టాడు.

మా మేనల్లుడు నేను చెప్పిన వరసలోనే మూడు సినిమాలూ చూశాడు, మొదటి సంపుటం పట్టుకుని ఊరెళ్లాడు. రెండు వారాల తర్వాత ఫోను.

"మావయ్యా, ఈ పసుపు బూట్ల ముసలాయన ఎవరు? సినిమాలో లేడేం? అదేపనిగా పాడుతున్నాడు."

"బాంబడిల్. విసుగ్గా ఉంటే ఆరు, ఏడు అధ్యాయాలు పైపైన తిరగేసి పో. తొమ్మిదిలో బ్రీ ఊరు వస్తుంది, అక్కడ నీకు తెలిసిన మనిషి మూల కూర్చుని ఉంటాడు."

"మరి ఎనిమిది?"

"ఎనిమిది మాత్రం దాటకు. సమాధి దిబ్బలో ఫ్రోడో స్నేహితుడు మెర్రీకి ఒక కత్తి దొరుకుతుంది. సినిమాలో ఆ కత్తులు ఆరగోర్న్ ఊరికే పంచిపెట్టేస్తాడు. అది ఎవరు, ఎవరి కోసం చేసిన కత్తో గుర్తుపెట్టుకో. మూడో సంపుటంలో, సౌరాన్ బంట్లకి పెద్ద అయిన ఆ నాజ్‌గూల్ దొర మోకాలి వెనక దిగినప్పుడు ఫోన్ చెయ్."

ఇంకా చెయ్యలేదు. రెండో సంపుటం మధ్యలో ఉన్నాడట.